రత్నం అనని మాట

"నా కోసం ఎవరినీ వదలొద్దు" అని రత్నం అనలేదు. చీమకుర్తి అవతల అతని ఊరి సెంటర్లో నల్లరాయి మీద ఆ మాట చెక్కి ఉంది. అది అబద్ధం.

ఈ ఏడు సరిహద్దులో ఇంకో జవాను శత్రువుకు చిక్కాడు. ఖైదీలనిచ్చి అతన్ని విడిపించాలా వద్దా అని టీవీల్లో రభస. మొన్న గుంటూరు మిరప యార్డు ముందు టీ తాగుతుంటే ఒక కమీషన్ వ్యాపారి అందుకున్నాడు.

"ఒక్కడి కోసం హంతకుల్ని వదుల్తారా పెద్దాయనా? మన రత్నమే వద్దన్నాడు."

"ఎవర్రా విన్నది?"

"రాతి మీదుందిగా."

"నేను విన్నాను. ఇచ్చేయమన్నాడు."

"ఊరుకో పెద్దాయనా. వీరుడి పరువు తీస్తావా?"

అందుకే రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట, సరిహద్దులో ఆ కొండ మీది పోస్టుకు మేం చేరింది అక్టోబరు చివర. తొమ్మిది గంటల నడక. వీపు మీద ఇరవై ఏడు కిలోలు. పైన రాయి, మంచు, అంతే. ఇరవై ఇద్దరిలో తెలుగువాళ్లం ఇద్దరం. నాది మెషిన్ గన్. రత్నానిది వైర్‌లెస్. సెట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లం. తూటాల పెట్టెను టిక్కీ అనేవాళ్లం, యార్డులో మిరప బస్తాను అన్నట్టే.

"అన్నా, ఎన్ని టిక్కీలున్నయ్?"

"నాలుగు. తాలు లేదు, అంతా ఎరుపే."

పదకొండో రోజు పొద్దున ఐదూ నలభైకి పొగమంచులో పైకి వచ్చారు. ముందు గ్రెనేడ్లు. మా వంటవాడి దవడ ఎగిరిపోయింది. మూడు బెల్టులు కాల్చాను. ఒకడు పేగులు చేత్తో పట్టుకుని పాక్కుంటూ వచ్చాడు. మళ్లీ కాల్చాను. ఆరున్నరకు వెనక్కి పోయారు. వాళ్ల మనుషులిద్దరు మాకు చిక్కారు. సెట్టుతో సహా రత్నం వాళ్లకు చిక్కాడు.

తొమ్మిదింపావుకు మా దగ్గర మిగిలిన రెండో సెట్టు పలికింది. రత్నం గొంతే. ముందు హిందీలో, వాళ్లు చెప్పించిన మాట: ఆ ఇద్దర్నీ పంపితే నన్ను పంపుతారు. వెంటనే తెలుగులో:

"అన్నా, ఇచ్చేయమని చెప్పన్నా. వేళ్లు కోస్తన్నారు."

మా మేజరుకు తెలుగు రాదు. నేనే చెప్పాను. ఆయన పై ఆఫీసర్లను అడిగాడు. బేరం లేదన్నారు.

పదకొండుంపావుకు మళ్లీ పలికింది.

"అన్నా, ఉన్నావా? ఏమన్నారు?"

"అడుగుతున్నార్రా. ఓర్చుకో."

అబద్ధం చెప్పాను. తరవాత అరుపు. మా ఖైదీల్లో ఒకడికి తొడలో తూటా ఉంది. ఆ గాయం మీద బూటుతో తొక్కాను. వాడూ రత్నంలాగే అరిచాడు. మేజరు నన్ను పక్కకు లాగేశాడు.

పన్నెండున్నర తరవాత సెట్టు పలకలేదు.

సాయంత్రం మేజరు ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చాడు. "వాళ్లమ్మకు గౌరవంగా ఉంటుంది, సంతకం పెట్టు" అన్నాడు. నాకప్పుడు ఐదో క్లాసు తెలుగే వచ్చు. పెట్టాను. పాత పేపర్లు ముందేసుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నది ఆ తరవాత. రాయి ఆవిష్కరించిన రోజు మేజరు నివేదికలోదంటూ ఆ మాట మైకులో చదివారు. నేను దేనికి సంతకం పెట్టానో అప్పుడు తెలిసింది.

ఖైదీలను వదలకూడదంటారా, అనండి. వదిలినవాడు రేపు మళ్లీ తుపాకీ పట్టొచ్చు, నాకూ తెలుసు. కానీ మీ మాట మీ నోటితో అనండి. చచ్చినవాడి నోట్లో పెట్టకండి.

మూడో రోజు శవాన్ని సరిహద్దు గీత దగ్గర పడేసి పోయారు. మోసింది నేనే. కుడిచేతికి నాలుగు వేళ్లు లేవు. బొటనవేలు మాత్రం ఉంచారు, సెట్టు మీట నొక్కడానికి. మార్చిలో ఇంటికొచ్చాను. కళ్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వాటిలో నాకు కనబడింది ఆ వేలే. ఇప్పటికీ అదే కనబడుతుంది.

రాతి మీద మాట తీయించమని ఏడు అర్జీలు పెట్టాను. పోయిన వారం జవాబొచ్చింది:

"సదరు మాటలు మృతుడే అన్నట్లు నివేదికలో సాక్షిగా సంతకం చేసినది తమరే. కావున మార్పు అవసరం లేదు."