వస్తనంటే ఎప్పుడో చెప్పాలె

నాకు పని నేర్పిన పెద్ద సిస్టరమ్మ ఇక లేరు. ఆమె చెల్లెలు పంపిన కబురు శనివారం సాయంత్రం మా ఇంటికి చేరింది. అప్పటికే మట్టి కూడా అయిపోయిందట. నేనూ నర్సు కొలువు ముగించి పింఛను తీసుకుంటున్న ముసలిదాన్నే. అయినా పొయ్యి మీది పాలు పొంగుతున్నా దించకుండా కూర్చుని ఏడ్చాను.

నల్లగొండ జిల్లాలో ఒక చిన్న దవాఖాన. దాని వెనక పెంకుల కొట్టంలో మతి చెడినవాళ్ల వార్డు. రజాకార్ల భయంతో ఊళ్లకు కంటిమీద కునుకు లేని రోజులవి. కొత్తగా చేరిన నాకు ఆ వార్డు ఆయమ్మలనూ నౌకర్లనూ చూసుకునే పని ఇచ్చారు. అందరూ మా అమ్మానాయినల ఈడువాళ్లు. నేనేమో పోచంపల్లి మగ్గాల ఇంట్లో పెద్దల ముందు గొంతెత్తకుండా పెరిగిన పిల్లను. ఏం చెప్పినా "అట్లనే బిడ్డా" అని నవ్వి, తమకు తోచిందే చేసేవాళ్లు.

పెద్ద సిస్టరమ్మ మాటకు మాత్రం తిరుగులేదు. అలాగని ఆమె అరిచింది నేనెన్నడూ వినలేదు. తాళాల గుత్తికి పాత చీర పేలిక చుట్టుకునేవారు, ఆ చప్పుడుకు లోపలివాళ్లు బెదురుతారని. నౌకర్లు తిన్నాకే తినేవారు. నాకు అంత ఓపిక ఎక్కడిది? వంటింట్లో చాటుగా రొట్టె ముక్క నోట్లో వేసుకునేదాన్ని. చూసి కూడా ఏమీ అనేవారు కాదు.

వార్డులో మేళ్లచెరువు దిక్కు నుంచి వచ్చిన ఒక తల్లి ఉండేది. ఆమె కొడుకు రజాకార్లతో కొట్లాడే సంఘంలో చేరి, "వస్తనే అమ్మా" అని గడప దాటినవాడు మళ్లీ కనబడలేదు. ఆమె ఒక్క ఆయమ్మ చేతి గంజి తప్ప ముట్టేది కాదు. సాయంత్రం ఇంటికి పోతూ ఆ ఆయమ్మ, మనమందరం అన్నట్టే, "వస్తనమ్మా" అనేది. ఇంకేముంది, వస్తానంది కదా అని ఆ తల్లి గడపలో కూర్చునేది. తినేది కాదు, లేచేది కాదు. లోపలికి లాగబోతే కరిచేది. అప్పుడు నౌకర్లు తాడు తెచ్చేవారు. ఇలాగే ఉంటే దూరాన ఉన్న పెద్ద పిచ్చాసుపత్రికి పంపిస్తానని డాక్టరుగారు చెప్పేశారు. అక్కడికి చేతులు కట్టి తీసుకుపోవడమే కానీ తిరిగి వచ్చినవాళ్లను మేం చూడలేదు.

వార్డులో ఎవరూ "వస్త" అనకూడదని నేను హుకుం జారీ చేశాను. ఆయమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది.

"మరి పోత అనాల్నా బిడ్డా? ఇంట్ల పిల్లలున్నోళ్లు ఎవలన్న పోత అంటరా?"

నౌకర్లంతా పకపకా నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్ద సిస్టరమ్మ నవ్వలేదు. "ఆయమ్మ అన్నది నిజమే. వస్తననే చెప్పు. ఎప్పుడొస్తవో గూడ చెప్పు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "చెప్పిన యాళ్లకు ఆమెను రానిచ్చే పూచీ నీది. నౌకర్లను చూసుడంటే గదే."

అప్పటినుంచి ఆయమ్మ "పొద్దుగాల గంజి యాళ్లకు వస్త" అనేది. ఆ వేళకు ఆమెను ఎవరు వేరే పనికి పిలిచినా నేను అడ్డం పడేదాన్ని. వంటవాడితో ఎన్ని తగువులు పడ్డానో. ఆ తల్లి గడపలో కాసేపు కూర్చుని, తనే లేచి పడుకునేది. తాడు అటకెక్కింది.

పోలీసు యాక్షన్ మొదలైన పొద్దున బస్సులు ఆగిపోయాయి. ఆయమ్మ రాలేదు. గంజి చల్లారింది. ఆ తల్లి గడపలో కూర్చుని తొవ్వ వైపే చూస్తోంది. ఒక నౌకరు అటక వైపు చూశాడు. 

"ఇప్పుడే వస్తదని చెప్తనమ్మా" అన్నాను పెద్ద సిస్టరమ్మతో.

ఆమె నా చేయి పట్టుకున్నారు. "వద్దు. రాదని చెప్పు. ఎందుకు రాదో చెప్పు. చెప్పి ఆడనే కూసో."

వెళ్లి ఆ తల్లి పక్కన కూర్చున్నాను. "ఆయమ్మ ఈపొద్దు రాదమ్మా. లడాయి మొదలైంది, తొవ్వలు బందయినయి. రావాలనే ఉంటది ఆమెకు. తొవ్వ లేదు."

ఆమె నా వైపు తిరిగింది. "మా పిలగానికి గూడ తొవ్వ దొరకలేదో ఏమో" అంది. కొడుకు మాట ఎత్తి ఆమె ఏడవడం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి, నా చేతి గంజి తాగింది. పిచ్చాసుపత్రికి పంపే మాట మళ్లీ రాలేదు. తొవ్వలు తెరుచుకోగానే ఆయమ్మ నడిచి వచ్చి, ముందు ఆ గడప దగ్గర ఆగి "వచ్చిన" అంది.

పోయిన వారం పెద్ద సిస్టరమ్మను చూడబోయాను. మంచం దిగలేని స్థితి. లేస్తూ అలవాటు కొద్దీ "వస్తనమ్మా" అన్నాను. కళ్లు తెరవకుండానే అడిగారు.

"ఎప్పుడు?"

"ఆదివారం పొద్దుగాల."

సరేనన్నట్టు తల ఊపారు.

ఆదివారం పొద్దున వెళ్లాను. ఆమె చెల్లెలు తలుపు తీసి, "అక్క లేదు గద బిడ్డా" అంటూనే పక్కకు జరిగింది. గదిలో మంచం ఎత్తేశారు. నేను కూర్చునే కుర్చీ మాత్రం అదే జాగాలో ఉంది.

"ఆదివారం వస్తదని, అక్క దాన్ని జరపనియ్యలే" అంది చెల్లెలు.

కూర్చున్నాను. మంచం ఉండే చోటు వైపు చూసి, "వచ్చినమ్మా" అన్నాను.