కంట్రోలర్ చేతులు మారే చోటు

సుగంధికి కొట్లాట చూస్తే చేతులు చల్లబడతాయి. తెర మీద బొమ్మ మనుషుల కొట్లాటైనా అంతే. పెళ్లైన కొత్తలో భర్త అశోక్‌కుమార్ ఎవరో వాడి వదిలేసిన గేమ్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చి టీవీకి తగిలించాడు. ఆమె మొదటి రోజే ఆటలో గోడలెక్కింది, తాళాలు తీసింది, పాడుబడిన కోటలో ఎవరికీ దొరకని మెట్లు కనిపెట్టింది. కత్తి దూసి ఒకడు ఎదురొచ్చేసరికి మాత్రం కళ్లు మూసుకుని కంట్రోలర్‌ను భర్త ఒళ్లో పడేసింది.

"బావా, వాడు వస్తా ఉండాడు. నువ్వే చూసుకో."

అశోక్‌కుమార్ తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. నూలు మిల్లులో యంత్రాల మరమ్మతు అతని పని. ఏ మర ఎందుకు ఆగిందో రోజంతా వెతికి ఇంటికొచ్చిన మనిషిని, ఆటలోనూ ఏ తలుపుకు ఏ తాళంచెవో వెతకమంటే ఆవులింతలొస్తాయి. కొట్లాట మొదలైతే మాత్రం నిటారుగా లేచి కూర్చుంటాడు. అలా ఎవరూ నోరు తెరిచి అనుకోకుండానే పంపకం జరిగిపోయింది. ఎక్కడం, దూకడం, చిక్కులు విప్పడం ఆమెది. కొట్టడం అతనిది. శత్రువు కనబడగానే కంట్రోలర్ అటు వెళుతుంది, వాడు కూలగానే ఇటు వస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఇద్దరూ కలిసి ఎన్ని ఆటలు ముగించారో వాళ్లకే గుర్తు లేదు.

ఒకసారి ఆట అయిపోయాక అది ఎలా ఉందో ఇద్దరూ వాదించుకుంటుంటే సుగంధి దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి చెల్లెలికి పంపింది. చెల్లెలు దాన్ని ఇంకెవరికో పంపింది. అలా ఫోన్లలో ఒక గ్రూపే ఏర్పడింది. ఇప్పుడు రాజపాళయంలోనూ, తళవాయిపురంలోనూ, సత్రపట్టిలోనూ ఆటల పిచ్చి ఉన్నవాళ్లు కొత్త ఆట కొనే ముందు "సుగంధక్క ఏం చెప్పింది?" అని అడుగుతారు. తమిళం కలిసిన తెలుగులో ఆమె చెప్పే పద్ధతి వాళ్లకు నచ్చింది. ముందు మంచి చెబుతుంది, తర్వాత కొరత. పేరుమోసిన ఒక ఆట గురించి ఆమె అన్నది ఇంతే: "వానని రొంబ బాగా కురిపించినారు. కానీ అంత తడిసినాడే, ఆ మనిషి ఒక్కసారన్నా తల తుడుచుకోలేదు." అశోక్‌కుమార్ పక్కనుంచి, "కత్తి మాత్రం మంచి బరువుగా ఉండాది" అని తన వాటా కలుపుతాడు.

వాళ్ల వీధి చివరింట్లో ఉదయకుమార్ ఉంటాడు. చెన్నై కంపెనీకి ఇంటినుంచే పని చేస్తాడు. ఆ పని అయ్యాక, స్నేహితుడొకడితో కలిసి మూడేళ్లుగా సొంతంగా ఒక ఆట తయారు చేస్తున్నాడు. అందులో, ఎండిపోయిన వాగు ఎక్కడ మొదలవుతుందో చూడాలని ఒక ఆడపిల్ల కొండలెక్కుతుంది. తాడు పట్టుకుని బండలెక్కాలి. పైన కలప దొంగలు కాపు కాస్తుంటారు, వాళ్లతో కర్రసాము చెయ్యాలి. మూడు కొండలు దాటితే వాగు పుట్టే చోటు కనబడుతుంది.

ఆట పూర్తయ్యాక అతను సుగంధి ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, వచ్చే శుక్రవారం ఆటని బయటికి విడుస్తామని అందరికీ చెప్పేసినాము. మా ఇద్దరి పేరూ ఎవరికీ తెలీదు. మొదట ఆడేవాళ్లు సగంలో విడిచిపెట్టి పోయినారంటే, ఈ ఆట కథ అంతటితో ముగిసినట్టే. నువ్వూ అశోకన్నా శరి అంటేనే విడుస్తాను."

"శరి కాదంటే?" అన్నాడు అశోక్‌కుమార్.

"ఏడుస్తాను అన్నా. ఏడ్చినాక, అప్పరం విడుస్తాను."

ఆ వారం భార్యాభర్తలిద్దరూ దాని మీదే పడ్డారు. సుగంధికి కొండ దారులు ఎంత నచ్చాయంటే, రాయి రాయికీ పట్టు వేరుగా ఉందని పొంగిపోయింది. అశోక్‌కుమార్‌కు కర్రసాము నచ్చింది. కొరతలు కూడా వెతికారు. దారిలో కనిపించే తాత మాటలు ఎంతకీ ముగియవు. పొద్దున్నా సాయంత్రమూ గాలి ఒకే శబ్దం చేస్తుంది. అంతకు మించి ఏమీ దొరకలేదు. "విడిచెయ్ ఉదయా. మంచిగానే ఉండాది" అని సుగంధి అతనికి చెప్పి, గ్రూపులోనూ అదే మాట చెప్పేసింది.

సుగంధి బ్యాండేజీ గుడ్డ ప్యాకింగ్ పనికి వెళ్లే చోట ఆమెకు మీరా అని ఒక తోడు ఉంది. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వస్తుంది, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఉదయకుమార్‌ను అడిగి సుగంధి ఆమెకూ ఆ ఆట ఇప్పించింది. సోమవారం మధ్యాహ్నం మీరా అన్నం డబ్బా మూత తీస్తూనే మొదలుపెట్టింది.

"నీ మాట నమ్మినాను చూడు, నన్ను అనాల. ఆ పిల్లకి కట్టె పట్టుకునేదే తెలీదు. కష్టపడి కొండెక్కుతాది, దొంగల్ని చూస్తానే కట్టె తీసి లోయలోకి విసిరేస్తాది, అప్పరం ఒట్టి చేతుల్తో నిలబడి తన్నులు తింటాది. ఏడుసార్లో ఎనిమిదిసార్లో చూసినాను. మూసి పెట్టేసినాను."

"మాకు అట్ల కాలేదే."

"మీకు కాదమ్మా. మీరు పెద్ద ఆటగాళ్లు."

సాయంత్రం ఈ సంగతి చెబితే అశోక్‌కుమార్ నవ్వాడు. "మీరాకి చెయ్యి తిరగలేదు. నా చేతిలో ఒక్కసారన్నా కట్టె జారిందా?"

జారలేదు, నిజమే. కానీ అతను "నా చేతిలో" అన్న మాట సుగంధి మనసులో ముల్లులా దిగింది. ఆ పిల్ల కర్ర తన చేతిలో ఎలా ఉంటుందో తనకు తెలియనే తెలియదు. ఇన్నేళ్లలో ఏ ఆటలోనూ ఒక్క దెబ్బ కొట్టి ఎరుగదు. సగం ఆట ఆడి, మొత్తానికి మాట ఇచ్చింది. ఆ మాట మీద నమ్మకంతో ఒకడు శుక్రవారం కోసం ఎదురుచూస్తున్నాడు.

మర్నాడు పనికి సెలవు పెట్టింది. అశోక్‌కుమార్ మిల్లుకు వెళ్లాక తలుపు దగ్గరికి వేసి, టీవీ ముందు ఒంటరిగా కూర్చుంది. మొదటి కొండ సునాయాసంగా ఎక్కింది. కొన మీద చెయ్యి వేసిందో లేదో ముగ్గురు దొంగలు పరుగెత్తుకొచ్చారు. కళ్లు మూసుకోకూడదని పళ్లు బిగబట్టి చూసింది. మీరా చెప్పినట్టే పిల్ల చేతిలోని కర్ర గిర్రున తిరుగుతూ లోయలో పడింది.

మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. తర్వాతిసారి కొన మీదికి చేరేసరికి అరచేతులు చెమటతో జారిపోతుంటే కంట్రోలర్ ఒళ్లో పెట్టి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. దొంగలొచ్చి రెండు దెబ్బలు కొట్టారు. కానీ కర్ర మాత్రం పిల్ల చేతిలోనే ఉంది.

సుగంధి కంట్రోలర్‌ను తిప్పి బటన్లు చూసుకుంది. తాడు జారకుండా పట్టుకోవాలంటే కుడి చూపుడు వేలి కింద బటన్ నొక్కి ఉంచాలి. కొట్లాట మొదలవగానే అదే బటన్ కర్ర విసిరేది అవుతోంది. ఎక్కేటప్పుడు నొక్కిన వేలు లేవకుండా అలాగే ఉంటే కర్ర ఎగిరిపోక ఏమవుతుంది? తమ ఇంట్లో మాత్రం సరిగ్గా ఆ క్షణానే కంట్రోలర్ ఆమె చేతినుంచి అతని చేతికి పోతుంది. వేలు లేస్తుంది. ఆటలోని తప్పంతా వాళ్లు చేతులు మార్చుకునే ఆ సందులోనే ఇన్నాళ్లూ దాక్కుని ఉంది.

నేరుగా చివరింటికి నడిచింది. సంగతంతా విన్న ఉదయకుమార్ ముందు నమ్మలేదు. తానే ఆడి చూపిస్తానని కూర్చున్నాడు. ఎన్నిసార్లు ఎక్కినా అతని కర్ర జారలేదు.

"నీకు దొంగలొస్తారని ముందే తెలుసు కదరా. నీ వేలు దానంతటదే లేస్తా ఉండాది. లేపకుండా ఎక్కు" అంది సుగంధి.

ఈసారి కర్ర ఎగిరింది. ఉదయకుమార్ ముఖం చిన్నబోయింది.

"శుక్రవారం అని చెప్పేసినాము అక్కా."

"మంచిగా ఉండాదని నేనూ చెప్పేసినాను. సగం చూసి చెప్పినాను, తప్పు నాది. ఒక వారం ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు ఉదయా. కొండ కొసన కట్టె పోగొట్టుకున్నోళ్లు మాత్రం తిరిగి రారు."

అతను బటన్ల జాబితా తెరిచాడు. బటన్ మారిస్తే మిగతావన్నీ తారుమారవుతాయన్నాడు. చివరికి ఉపాయం అతనికే తట్టింది. పైకి చేరాక ఆడేవాళ్ల వేలు లేచేదాకా ఆ పిల్ల తాడును నడుముకు చుట్టుకుంటూ ఉంటుంది, దొంగలు కూడా అంతవరకూ చెట్ల చాటునే ఉంటారు. "ఊపిరి తీసుకునేదానికీ కొంచెం సమయం దొరుకుతాది" అన్నాడు, మొదటిసారి నవ్వుతూ.

మార్పు చేసిన ఆట ఆదివారం వాళ్లింటికొచ్చింది. సుగంధి మొదటి కొట్లాటలో ఓడిపోయింది. రెండోదాంట్లోనూ ఓడింది. అశోక్‌కుమార్ పక్కన కూర్చుని, "ఎడమకి, ఎడమకి పోవే" అని అరుస్తుంటే, "నోరు మూసుకోని కూర్చో బావా, అడుగుల చప్పుడు వినేది చెడిపోతా ఉండాది" అని గదిమింది. అతనికి ఆశ్చర్యమేసింది. ఇన్ని రోజులు ఆడినా దొంగల అడుగుల చప్పుడు అతని చెవిన పడలేదు. వాళ్లు కనబడక ముందే ఎండుటాకులు నలిగే శబ్దం ఏ పక్కనుంచి వస్తుందో ఆమె చెబుతూ పోయింది. భయపడేవాళ్లకు ఆ చప్పుడే తోడు. సాయంత్రానికి ముగ్గురు దొంగలనూ పడగొట్టింది. చేతులు చల్లగానే ఉన్నాయి, అయినా పనిచేశాయి.

ఈసారి గ్రూపులో ఆమె ఒక్కతే మాట్లాడింది. "ముందు మేము చెప్పింది సగమే. ఇప్పుడు మొత్తం ఆడి చెప్తా ఉండాను. రాళ్లు బాగుండాయి, పట్టు బాగుండాది. నా మాదిరి పిరికోళ్లు కూడా కొట్లాడేటట్టు చేసినారు, అది రొంబ పెద్ద విషయం. గాలి శబ్దం ఇంకా మార్చాల. తాత ఇంకా మాట్లాడుతానే ఉండాడు. ఉదయాకి చెప్పినాను, వినడు."

ఆట ఒక వారం ఆలస్యంగా విడుదలైంది. మొదటి మూడు రోజులూ పెద్దగా ఎవరూ కొనలేదు. ఉదయకుమార్ అటూ ఇటూ తిరిగి, టీ తాగి తాగి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నాడు. సోమవారం పొద్దున సుగంధి పనికి బయలుదేరుతుంటే ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. ఎక్కడో కోయంబత్తూరులో ఉండే, ముక్కూముఖం తెలియని ఒకామె మూడు కొండలూ దాటి వాగు పుట్టే చోటు చూసింది. నాలుగో కొండకు దారి ఎటువైపు, ఎంత వెతికినా దొరకడం లేదని అడుగుతోంది.

"నాలుగో కొండ యాడ ఉండాది రా?" అంది సుగంధి.

"లేదక్కా. చెయ్యాల."

"మరి నిలబడుకోని ఏం చూస్తా ఉండావు, పోయి చెయ్యి" అని, బస్సుకు టైమయిందని చెప్పులు తొడుక్కుంది.