తాతయ్య స్నానం నీళ్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య దగ్గర యోగా నేర్చుకోవడమంత విసుగు పని ఇంకొకటి ఉండేది కాదు. మేం అనంతపురం నుంచి వచ్చి మాదాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. చుట్టూ బండలు పేల్చి కొత్త ఆఫీసులు కడుతున్నారు. పొద్దున్నే నన్ను మిద్దె మీద కూర్చోబెట్టి, ఆసనాల సంగతి తర్వాత, ముందు అబద్ధమాడకూడదు, అక్కరకు మించి దాచుకోకూడదు అని మొదలుపెట్టేవాడు. నాకేమో శీర్షాసనం కావాలి. బతిమాలి బతిమాలి ఎలాగో నేర్చుకున్నాను. శనివారం బళ్లో అందరి ముందూ వేయాలి. తెల్ల చుడీదార్ మచ్చ లేకుండా ఉంటేనే వేదిక ఎక్కనిస్తానని టీచరు ముందే చెప్పింది.

శుక్రవారం సాయంత్రం నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఎవరి పైపు ముందు పడితే వాళ్లవే నీళ్లు. నేను ట్యాంకర్ మీదికెక్కి మా పైపు వేశాను. డ్రమ్ము సగం నిండిందో లేదో, పక్కింటి అక్క పిల్లను చంకనేసుకుని ఖాళీ బిందెలతో వచ్చింది.

"జర మమ్మల్ని గూడ పట్టుకోనియ్యి. పొద్దుగాల నుంచి పిల్లకు నీళ్లు లెవ్వు," అంది.

డ్రమ్ము దగ్గర నిలబడ్డ తాతయ్య ఆలోచించనైనా లేదు. "ఇంగ చాల్లే పాపా, పైపు ఆ యమ్మకియ్యి," అన్నాడు.

ఆమె బిందెలు నిండేసరికి ట్యాంకర్ ఖాళీ అయింది. ఉన్న నీళ్లను అమ్మ వంటకూ తాగడానికీ తీసిపెట్టి, స్నానానికి మనిషికో బకెట్ పంచింది. బట్టలుతకడానికి చుక్క లేదు. నా చుడీదార్ నిండా బండలు పేల్చిన దుమ్ము. నాకు ఒళ్లు మండిపోయింది.

"అంత ఇయ్యాలనుంటే నీ వాటా ఇయ్యి! నా బట్టల నీళ్లెందుకిచ్చినావు?" అని తాతయ్య మీద అరిచాను.

ఆయన లేచి మిద్దె మీదికి వెళ్లిపోయాడు. దాంతో ఇంకా కోపమొచ్చింది. వాదిస్తే గెలిచేదాన్ని కదా!

తెల్లారి లేచేసరికి తీగ మీద నా చుడీదార్ ఆరుతోంది. తాతయ్య బకెట్ బోర్లించి ఉంది. స్నానం చేయనిదే ఆసనం వేయని మనిషి, మెడ నిండా దుమ్ము చారలతో మిద్దె గోడకానుకుని ఊరికే కూర్చున్నాడు.

"నీ మాటే నిజం పాపా," అన్నాడు. "నాది ఇయ్యకుండా నీది ఇచ్చేస్తి."

ఆ రోజు శీర్షాసనం బాగానే వేశాను. చప్పట్లు కొట్టారో లేదో గుర్తులేదు. ఇప్పుడు ఎవరికైనా ఏదైనా ఇవ్వబోతే, ఇది నా వాటాయేనా అని చెయ్యి ఆగిపోతుంది. మా ఆయన ఓపికనో, పనిమనిషి ఆదివారం సెలవునో ఎవరికో ఇచ్చేసి మంచిదాన్ననిపించుకోవడం ఎంత తేలిక! ఆ కాస్త సుఖం కూడా నాకు లేకుండా చేసి పోయాడు మా తాతయ్య.