ఎనభై ఏడో ముక్క

సొంత చేతులతో విమానం కట్టుకున్నవాళ్ల గురించి మాట్లాడాల్సి వస్తే జనం ముందు 'కల' అనేస్తారు. హిల్కా రింతమాకి గురించి ఊరి పేపరు కూడా అదే రాసింది. చిన్ననాటి కల అట, అరవయ్యో ఏట నెరవేరబోతోందట. "నాకు కలా లేదు, గిలా లేదు. ఖాళీ కొట్టం ఉంది, ఆరు నెలల చలికాలం ఉంది, అంతే," అని ఆమె పేపరు మడిచి పొయ్యి రాజేసుకోవడానికి పక్కన పెట్టింది.

నిజానికి కలలు వస్తూనే ఉన్నాయి. అన్నిట్లోనూ ఎడమ రెక్క ఊడిపోయేది.

హిల్కా ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పింది. సెయ్‌నాయోకి ఊరి చుట్టుపక్కల ఉలి పట్టిన వాళ్లలో సగంమంది ఆమె చేతి కింద వేళ్లు కోసుకున్నవాళ్లే. అందుకే ఊరంతటికీ టీచరమ్మ. ఒక్కరు కూర్చునే చెక్క విమానం, మూడు పెట్టెల్లో విడివిడి ముక్కలుగా వచ్చింది. పాత ఆవుల కొట్టంలో పదకొండు చలికాలాలు దానితోనే గడిపింది. ఆమె భర్త కౌకో బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. "ఆవులు పోయాయి గానీ కొట్టంలో చాకిరీ పోలేదు. పాలు కూడా ఇవ్వదు ఇది," అని వచ్చినవాళ్లందరితో చెప్పేవాడు.

చెక్క విమానం కట్టేవాళ్లకు ఒక ఆచారం ఉంది. జిగురు కలిపిన ప్రతిసారీ అదే జిగురుతో రెండు చిన్న చెక్కముక్కలు అతికించి, పనిచేసిన చోటే, దాని పక్కనే పెట్టాలి. మర్నాడు ఆ జంటను బిగించి విరగ్గొట్టాలి. చెక్క చీలితే జిగురు గట్టిది. అతుకు దగ్గర నున్నగా విడిపోయిందా, నిన్న అతికించినదంతా ఊడపీకి మళ్లీ చేసుకోవాలి. విమానాల క్లబ్బులో వీటిని సాక్షి ముక్కలంటారు. ఒక్కో ముక్క మీద నంబరు, పక్కన నోటుబుక్కులో ఆ రోజు గది ఎంత వెచ్చగా ఉందో. హిల్కా డబ్బాలో అలాంటివి రెండు వందల పన్నెండు ఉన్నాయి. తనిఖీకి వచ్చినాయన వాటిని వరసగా చూసి, "ఇలాంటి శుభ్రమైన లెక్క నేను చూళ్లేదు," అని సంతకం పెట్టి వెళ్లాడు.

ఎనభై ఏడో ముక్క సంగతి ఆయనకు తెలియదు.

ఐదో చలికాలం, ఫిబ్రవరి. బయట సున్నాకు ఇరవై నాలుగు కింద. ఎడమ రెక్క దూలానికి, కింది నుంచి వచ్చే ఊతకర్ర బిగించే చోట, గట్టి పలక ఒకటి అతికించాలి. విమానం బరువు గాల్లో వేలాడేది ఆ ఒక్క చోటి మీదే. జిగురు కలిపింది, పూసింది, బిగింపులు పెట్టింది. అప్పుడే మంచుతుపానుకు కరెంటు పోయింది. గంటలో కొట్టం గడ్డకట్టింది. ఆ జిగురుకు పదిహేను డిగ్రీలైనా ఉండాలి. ఊడదీసి పారేయాల్సింది. దానికి బదులు దూలం మీద ఉన్ని దుప్పట్లు కప్పింది, వేణ్ణీళ్ల సంచులు పెట్టింది. సాక్షి ముక్కను మాత్రం చేతితొడుగులో వేసుకుని ఇంటికి తెచ్చి, వంటింట్లో కట్టెల పొయ్యి మీది అరలో పెట్టింది.

ఎందుకు పెట్టావంటే అప్పుడు ఆమె చెప్పలేకపోయేది. మర్నాడు విరగ్గొడితే చెక్క నిలువునా చీలింది. ఎంత గట్టి జిగురు! నోటుబుక్కులో రాసింది: ఎనభై ఏడు, గది పందొమ్మిది డిగ్రీలు, బాగుంది. ఆ పందొమ్మిదీ వంటింటివి. అబద్ధం ఆడాలని కూర్చుని ఆడేవాళ్లు ఎక్కడో గానీ ఉండరు. సాక్షిని కాస్త వెచ్చని చోట కూర్చోబెడతాం, మిగతాది అదే చెబుతుంది. నెల తిరిగేసరికి రెక్క మీద తొడుగు పడింది. ఆ పలకను మళ్లీ ఎవరూ చూడలేదు.

అందుకే మొదటిసారి తను ఎగరనంది. "నాకు అనుభవం చాలదు, టాయిస్తో ఎగురుతాడు," అంది. అందరూ మెచ్చుకున్నారు, ఎంత వివేకమో అని. టాయిస్తో ఆ జిల్లాలో ఇంట్లో కట్టుకున్న తొమ్మిది విమానాలను మొదటిసారి పైకి లేపినవాడు. తను కూర్చోవడానికి భయపడిన సీట్లో ఇంకొకరిని కూర్చోబెడుతున్నానన్న సంగతి ఆమెకు జూన్ నెల దాకా తట్టలేదు. తట్టిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు.

జూన్ మూడో శనివారం, పొద్దున ఆరు. గాలి లేదు. బంగాళదుంప చేల మధ్య కంకర రన్‌వే. టాయిస్తో విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కౌకో ఫ్లాస్కులో కాఫీ, యాలకుల రొట్టె తెచ్చాడు. టాయిస్తో రొట్టె నములుతూ హిల్కా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, నేను ప్రతివాళ్లనీ ఒక్క మాట అడుగుతాను. ఇందులో నా కంట పడకూడదని నువ్వు అనుకునేది ఏముంది?"

"అంటే?"

"ఏదో ఒకటి ఉంటుంది. ఒకడు బోల్టు అడ్డంగా ఎక్కించాడు, ఒకడు రెక్కలో వాషర్ పారేసుకున్నాడు. తొమ్మిదిమందీ చెప్పారు. చెబితే సర్దుకుంటాం. చెప్పు."

"ఏమీ లేదు."

"అస్సలు?"

"టీచరు కదయ్యా," అన్నాడు కౌకో. "తప్పులు దిద్దడమే గానీ చేయడం తెలీదు."

టాయిస్తో నవ్వి పారాచూట్ తగిలించుకున్నాడు.

మంటలార్పే డబ్బా రెండు చేతులా పట్టుకుని హిల్కా రన్‌వే పక్కన నిలబడింది. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. అది మొరాయిస్తే బాగుండునని ఆమె కోరుకుంది. టాయిస్తో నేల మీదే ఒకసారి వేగంగా వెళ్లొచ్చాడు. రెండోసారి మనిషెత్తు పైకి లేచి, వెంటనే దిగి, మలుపు తిప్పి వాళ్ల దగ్గర ఆగాడు. ఇంజన్ హోరులో అరిచాడు:

"ఎడమ రెక్క కాస్త బరువుగా ఉంది! పర్లేదు, కొత్తవాటికి మామూలే! ఈసారి పైకెళ్తా!"

బరువు ఎడమవైపు. ఆ పలక ఉన్నదీ ఎడమ రెక్కలోనే. విమానం రన్‌వే చివరికి పోతోంది. చెప్పాలంటే ఇంకా నిమిషం ఉంది. చెబితే ముప్పై ఒక్క ఏళ్ల టీచరమ్మ పోతుంది. చెప్పకపోతే, బహుశా ఏమీ కాదు. ఆ 'బహుశా' దగ్గరే ఆమె కాళ్లు కదిలాయి. డబ్బా కింద పడేసి రన్‌వే నడిమధ్యకు వెళ్లి, ఆగమన్నట్టు చేతులు రెండూ తల మీద అడ్డంగా పెట్టి నిలబడింది.

అవతల ఇంజన్ ఆగిపోయింది. టాయిస్తో నడుచుకుంటూ వచ్చాడు. ఆమె అంతా చెప్పింది. కరెంటు, దుప్పట్లు, చేతితొడుగు, పొయ్యి అర.

కౌకో నోరు తెరిచాడు. "మా ఇంటి పొయ్యి మీదా? నేను రొట్టె కాల్చుకునే చోటా?"

"నువ్వు ఊరుకో," అన్నాడు టాయిస్తో. ఆమె వైపు తిరిగాడు. "రొట్టె తింటూ అడిగాను కదా నిన్ను."

"అడిగావు."

"ఏమన్నావు?"

"ఏమీ లేదన్నాను."

అతను పారాచూట్ విప్పి, పట్టీలు నెమ్మదిగా మడిచాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే రెక్కను కొట్టంలోకి తెచ్చి బల్ల మీద తిరగేశారు. కింది తొడుగును హిల్కాయే కోసింది. పలక అంచున ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. చెక్క చీలిన చప్పుడు వచ్చింది. అమ్మయ్య అనుకుంది. రెండో దెబ్బకు మిగతా సగం డబ్బా మూతలాగా లేచొచ్చింది. కింద జిగురు పసుపుపచ్చగా, నున్నగా మెరుస్తోంది. ఒక్క పీచు చెక్క కూడా అంటుకోలేదు.

టాయిస్తో దాని మీద బొటనవేలు రాసి చూశాడు. "ఇది ఎగిరేదే. ఇవాళ ఎగిరేది, రేపు ఎగిరేది. ముప్పై గంటలో నలభై గంటలో. ఆ తర్వాత ఎప్పుడో, బాగా అలవాటయ్యాక..." ఆపేశాడు.

కౌకో గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అతను జోకు వేయకపోయేసరికి హిల్కాకు పలక ఊడినదానికంటే ఎక్కువ భయమేసింది.

బాగుచేయడానికి ఆరు వారాలు పట్టింది. నోటుబుక్కులో ఎనభై ఏడు దగ్గర జరిగింది జరిగినట్టు రాసి, తనిఖీ ఆయన్ని మళ్లీ పిలిచింది. ఆయన ఈసారి మెచ్చుకోలేదు. మిగతా నంబర్లలో తనకు తోచిన పది చోట్ల తొడుగు కోయించి చూశాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. ఊళ్లో సంగతి పాకింది. దుకాణంలో పాత విద్యార్థి ఒకడు, "టీచరమ్మా, మా జిగురుకి మార్కులు కోసేదానివి కదా," అన్నాడు. "కోసేదాన్ని," అని చిల్లర తీసుకుని వచ్చేసింది.

ఆగస్టులో టాయిస్తోకి ఫోను చేసింది.

"రాను," అన్నాడతను. "కోపం లేదు. విమానం మీద నమ్మకం ఉంది, పది చోట్ల కోసి చూశారు. నీ మాట మీద లేదు. మాట మీద నమ్మకం లేని మనిషి విమానం నేను ఎక్కను."

"మరి ఎవరు ఎగరాలి?"

"కట్టింది ఎవరు?"

రెండు వారాలు క్లబ్బు విమానంలో సాధన చేసింది. చివరికి ఒక ఆదివారం పొద్దున తన సీట్లో తనే కూర్చుంది. పట్టీ బిగించుకుంటుంటే వేళ్లు బకిల్ కన్నాన్ని పట్టుకోలేకపోయాయి. కౌకో బిగించాడు. "బస్సయితే నేనే నడిపేవాణ్ని," అన్నాడు. ఎక్కనన్న టాయిస్తో కూడా వచ్చి, చేతి రేడియో పట్టుకుని చేను గట్టు మీద కూర్చున్నాడు.

కంకర గడగడలు ఆగాయి. ఆగాయంటే నేల లేదన్నమాట. ఎంత ఎత్తులో ఉందో ఆమె చూడలేదు. చూసింది ఎడమ రెక్కనొక్కదాన్నే. దాని అంచు వణుకుతోందా, తన కళ్లు వణుకుతున్నాయా? విమానాన్ని తిప్పే కర్రను బిగించి పట్టుకుంది. కింద చేలు, నది, చర్చి శిఖరం అందంగానే ఉండి ఉంటాయి. ఆమెకు కనబడలేదు.

రేడియో గరగరలాడింది. "ఎలా ఉంది?"

"భయంగా ఉంది."

"అది కాదు. విమానం."

"ఎడమ రెక్క ఇంకా బరువుగా ఉంది."

"ఎంత?"

బాగుంది, పర్లేదు అనేయాలనిపించింది. కర్రను కాస్త వదిలి చూసింది. రెక్క వాలింది. మళ్లీ పట్టుకుంది. "వేలితో ఆపితే ఆగుతోంది. వేలు తీస్తే అయిదు లెక్కపెట్టేలోగా వాలుతోంది. ఇంకో మాట. ఎడమవైపు మలుపులో ఏదో టిక్కుమంటోంది. ఏమిటో తెలీదు. పైకి లేచినప్పుడు తోక కూడా పక్కకు పోయింది, తప్పు నాదే."

"టిక్కు ఒక్కటేనా, వరసగానా?"

"ఒక్కటే. ప్రతి మలుపుకీ."

"తలుపు గడియ అయ్యుంటుంది. మోచేత్తో నొక్కిపట్టి మళ్లీ తిప్పు."

నొక్కింది. తిప్పింది. టిక్కు రాలేదు. "పోయింది," అంది.

"సరే. ఇక దిగు."

దిగేటప్పుడు చక్రాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి. విమానం ఆగాక దిగలేకపోయింది, కాళ్లు మాట వినలేదు. కౌకో చంకల కింద చేతులు వేసి, దుంపల బస్తాను దించినట్టు దించాడు.

టాయిస్తో గడియ వంచి సరిచేశాడు. ఎడమ రెక్క వెనక అంచున ఉన్న చిన్న రేకును, బరువు సర్దుకునేలా, చిటికెడు కిందకు వంచాడు. తర్వాత తన కారు దగ్గరికెళ్లి వెనక డిక్కీ తెరిచాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పారాచూట్ ఉంది.

"ఎక్కనన్నావుగా," అంది హిల్కా.

"అన్నాను. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. తొందరపడలేదు. "నూట నలభై మూడో ముక్క విరగ్గొట్టిన రోజు నాకు జ్వరం. చూసింది సరిగ్గానే చూశాను. అయినా చెబుతున్నా."

"సరే," అని అతను సీట్లోకి దిగి పట్టీ బిగించుకున్నాడు.

విమానం లేచింది. హిల్కా గట్టు మీద నిలబడి చూసింది. పైన ఉన్నప్పటి భయం ఈ భయం ముందు ఏపాటి? అక్కడ చేతిలో కర్రయినా ఉంది. కౌకో కాఫీ పోసి ఇచ్చాడు. అది చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది, తాగలేదు. చర్చి శిఖరం మీదుగా తిరిగి, టాయిస్తో చేతుల్లో విమానం మొదటిసారి ఎడమవైపు మలుపు తీసుకుంటూ వాలింది.