మేస్త్రి కోసిన అట్ట

మా కొండల్లో జీపులు బాగుచేసే మేస్త్రి పోయాడన్న మాట నాకు శుక్రవారం సంతలో తెలిసింది. అల్లం మూట దించుతున్న ఒకాయన భుజం దులుపుకుంటూ, "మీ జీపుకింక దిక్కెవరయ్యగారూ" అన్నాడు. జీపు సంగతి తర్వాత. ముందు నా సంగతి చెప్పాలి. నిజం పలకండని పదిమంది ముందు గొంతు చించుకునే నేను, ఆయన దగ్గర ఒకసారి అబద్ధమాడాను.

ఆయన మా చర్చి సంఘంలోవాడు కాదు. పొద్దున్నే స్పానర్లకు పసుపు పెట్టి, కొండదేవతకు దండం పెట్టుకునిగానీ పనిలో దిగేవాడు కాదు. నేను ఆ రేకుల షెడ్డుకు ఎదురుగానే మైకు కట్టి, ఇనుముకు మొక్కేవాళ్ల మీద నిప్పులు కురిపించేవాణ్ణి. ఒక్కనాడూ మారు పలకలేదు. పైగా నా బోధ ముగిసేదాకా ఒక్క ఇంజన్నీ రేస్ చేసేవాడు కాదు. అది మర్యాదని నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది. అయ్యగారి బోధ ఎలా ఉందని ఎవరో అడిగితే, "పికప్ బాగుంది, స్లోలోనే నిలబడదు" అన్నాడట.

నా జీపు అతుకుల బొంత. పాత జీపు ఒంట్లో వేరే కారు ఇంజను, దాని మీద ఇంకో బండి కార్బురేటరు. రెండింటి రంధ్రాలూ కలవక, మధ్యలో ఆయనే ఒక ప్లేటు కోసి, సందుల్లో గాలి చొరకుండా అట్ట ప్యాకింగు వేసి బిగించాడు. "రోజూ దీని స్లో వినండయ్యగారూ. పరిగెట్టినప్పుడు ఏ బండైనా బాగానే ఉంటాది. నిలబడినప్పుడే తెలుత్తాది దాని ఒంట్లో ఏటుందో" అనేవాడు. స్లో అంటే, యాక్సిలరేటరు తొక్కనప్పుడు ఇంజను దానంతటదే తిరగడం.

ఒక వానాకాలం జీపు స్లోలో దగ్గడం మొదలుపెట్టింది. పొద్దున్న మైకులో తిట్టినవాడి షెడ్డుకు మధ్యాహ్నం వెళ్లడానికి మొహం చెల్లలేదు. నేనే స్క్రూడ్రైవరు పట్టుకుని కార్బురేటరు మీది స్క్రూలు రెండు రోజులు తిప్పాను. మూడో రోజు పై ఊరి నుంచి మా సంఘంలోని ఒక నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగిందట. ఘాట్‌రోడ్డులో మట్టి జారి అంబులెన్సు కిందే ఆగిపోయింది. మిగిలిన సందులోంచి జీపు ఒక్కటే దిగగలదు.

కానీ యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజను ఆగిపోతోంది. ఇంజను ఆగితే నా జీపు బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది, తొక్కినా బండి ఆగదు. ఆ మలుపుల్లో కాలు తీయకుండా దిగడం ఎవడి తరం?

ఎవరూ పిలవకుండానే మేస్త్రి పెట్టె పట్టుకుని వచ్చాడు. స్క్రూలు ఎన్ని తిప్పులు తిప్పానని అడిగాడు. ఒకటే, అర తిప్పు అన్నాను. నమ్మాడు. అర తిప్పు వెనక్కి తిప్పి, ఫలితం లేక, కార్బురేటరు విప్పి జెట్లు ఊది, మళ్లీ బిగించాడు. బండి వణికి ఆగిపోయింది. వెనక సీట్లో ఆ పిల్ల మూలుగు సన్నబడుతోంది. "బేగి కానీండి బాబూ, గుంట ఓర్సుకోలేకపోతంది" అని తల్లి నా చొక్కా పట్టుకుంది.

మేస్త్రి తలెత్తి నన్ను చూశాడు. "స్క్రూని అడిగితే సెప్పదయ్యగారూ. మీరే సెప్పాలి."

రెండూ తిప్పాను, ఎన్ని తిప్పులో నాకే గుర్తులేదు అన్నాను. ఆయన స్క్రూలు మొదలంటా బిగించి, తన లెక్క ప్రకారం వెనక్కి వదిలి, చెవి వొగ్గాడు. తడిగుడ్డ తీసి ప్లేటు అంచున అదిమాడు. ఇంజను వణుకు తగ్గింది. గుడ్డ తీస్తే మళ్లీ వణుకు.

"ప్యాకింగు సిరిగింది. ఇక్కణ్ణుంచి దొంగగాలి పీలుత్తంది. మీరు స్క్రూలు తిప్పి దాన్ని కప్పెట్టేరు."

కొత్త ప్యాకింగు కోయడానికి అంత వెడల్పు ముక్క ఆయన పెట్టెలో లేదు. గట్టి అట్ట కావాలన్నాడు. ఆయన చూపు నా చంకలోని పరిశుద్ధ గ్రంథం మీద ఆగి, వెంటనే పక్కకు తప్పుకుంది. అడగలేదు. స్పానర్లకు మొక్కేవాడి కత్తికి దేవుని వాక్యమా అని నేను పుస్తకాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఆ పిల్ల కేక పెట్టింది. బైబిలు కథలో, గాయాలతో దారిలో పడినవాణ్ణి చూసి తప్పుకుపోయిన యాజకుణ్ణి నేను ఎన్ని ఊళ్లలో దుమ్మెత్తిపోశానో ఆ క్షణంలో గుర్తొచ్చింది. పుస్తకం చాచాను.

ఆయన రెండుసార్లు చేతులు తుడుచుకున్నాడు. గ్రంథాన్ని కళ్లకద్దుకుని, వెనక అట్ట మాత్రం కోశాడు. "అచ్చరం తెగనేదు, సూసుకోండి" అన్నాడు.

అట్టను ప్లేటు కొలతకు కత్తిరించి, జిగురు రాసి బిగించాడు. స్టార్ట్ చేసి కాలు తీశాను. ఇంజను ఆగకుండా నిలబడింది. ఆయన నా పక్కనే కూర్చుని, లోయవైపు చూడకుండా, ప్రతి మలుపులోనూ ఆ శబ్దమే వింటూ కిందిదాకా వచ్చాడు. గొంతెత్తి ప్రార్థన చేయకుండా నేను ఘాట్ దిగింది ఆ ఒక్కసారే. అంబులెన్సు అందుకుంది. తల్లీ బిడ్డా దక్కారు. వారం తిరక్కుండా ఆయన సరైన ప్యాకింగు తెచ్చి వేశాడు. నా అబద్ధం సంగతి చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

మొన్న ఆయన్ని కొండవాలున, వాళ్ల పద్ధతిలోనే, డప్పులతో సాగనంపారు. నేను రోడ్డు పక్కన జీపు నిలిపి, ఇంజను ఆపకుండా స్లోలోనే వదిలి, దూరంగా నిలబడ్డాను. గ్రంథం తెరిస్తే, వెనక అట్ట లేక చివరి పుట గాలికి లేచింది. బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. రెండుసార్లు తుడుచుకున్నా ఆనాడు ఆయన వేలికి మిగిలిన ఆయిలు మరక, సరిగ్గా అక్కడే, నా వేలికింద ఉంది. వెనక ఎవరి కాలూ తాకకుండా ఇంజను తన మానాన తాను నడుస్తూనే ఉంది.