ఏడు కిలోల పుట్టిల్లు

పటమటలో చేపలమ్మే గంగారత్నానికి వీధుల పేర్లు తెలియవు. ఏ వీధి చివర తట్ట బరువు తగ్గుతుందో తెలుసు. ఏళ్ళ తరబడి మోసిన మెడ, నెత్తిన ఏమీ లేనప్పుడు కూడా నిటారుగానే ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఎవరికో బదులు చెప్పకుండా నడిచిపోతున్నట్టుంటుంది.

పుట్టింది బందరు సముద్రం ఒడ్డున. భర్త పోయాక కూతురు కనకదుర్గను చంకనేసుకుని విజయవాడ వచ్చింది. ఒకే వరండాకు తెరుచుకునే అద్దె గదుల్లో ఆమెది చివరిది. పక్క గది తెరేసమ్మది. తెరేసమ్మ ఆసుపత్రిలో ఆయా.

దుర్గ ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. అల్లుడు గంగాప్రసాద్ అక్కడ బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. దుర్గకిది తొలిచూలు. పుట్టింటికి తీసుకొచ్చి పురుడు పోయాలి. కానీ డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. అందుకని అల్లుడు అత్తగారికే విమానం టికెట్ కొన్నాడు. చవక టికెట్. చేతి సంచి ఒక్కటే, ఏడు కిలోలు దాటకూడదు.

దుర్గ ఫోనులో ఏమీ తెమ్మనలేదు.

"నిద్ర పట్టటంలేదమ్మా," అంది. "కళ్ళు మూస్తాను, పడుకున్నట్టే ఉంటది. లోపల మాత్రం మెలకువే. మనింట్లో అయితే పట్టేదేమో."



మనిల్లు అంటే ఏమిటో గంగారత్నం రెండు రోజులు ఆలోచించింది. కూతురు ఇంటికి రాలేకపోతే ఇల్లే కూతురి దగ్గరికి వెళ్ళాలి. చాప పరిచి ఒక్కొక్కటే తెచ్చి పెట్టింది. బిడ్డకు చుట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడ్డ తన నేత చీరలు. బాలింతకు కాయం పొడి. పాలు పడటానికి పాలసొర ఎండు ముక్కలు. సాంబ్రాణి, ధూపం వేసే మట్టిమూకుడు. వస అరగదీసే సానరాయి. పుట్టిన బిడ్డను పడుకోబెట్టే వెదురు చేట.

తెరేసమ్మ తను వేళాంగణి వెళ్ళినప్పుడు కొన్న జిప్పు సంచి తెచ్చి ఇచ్చింది. చేట తప్ప అన్నీ కూరి చేపల కాటా కొక్కేనికి తగిలించారు. ముల్లు గిర్రున తిరిగి ఏడు దాటి ఎక్కడో ఆగింది.

"రాయి తీసెయ్ వదినా," అంది తెరేసమ్మ. "అక్కడంతా రాళ్ళేనంట."

"దుర్గకి వస అరగదీసింది దీని మీదే."

"అందుకేగా అంత వాగుద్ది."

రాయి బయటికి వచ్చింది. మూకుడు వచ్చింది. తన కోసం పెట్టుకున్న చీరల్లో ఒక్కటే మిగిలింది. తీసిన ప్రతిసారీ గదిలో వెలుగు కాస్త పెరిగినట్టనిపించింది గంగారత్నానికి. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి చాప మీదికి జరుగుతోంది.

చేట సంచిలో పట్టలేదు. నిలువుగా పెట్టినా, ఏటవాలుగా పెట్టినా పట్టలేదు.

"చేతికి ఏడు కిలోలన్నారు," అంది గంగారత్నం. "నెత్తికి ఎంతంట?"

తెరేసమ్మ నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంది. "నెత్తికి లెక్క లేదులే వదినా. నీ మెడ, నీ ఇష్టం."

గంగారత్నం నవ్వలేదు. ఆమె అడిగింది నిజంగానే. తెరేసమ్మ చెప్పింది కూడా నిజమే అనుకుంది.

తెరేసమ్మ కొడుకు బాలశౌరి ఆటోలో గన్నవరం తీసుకెళ్ళాడు. ఆమె దిగి చుట్టకుదురు సర్దుకుని, చేట నెత్తిన పెట్టుకుని, సంచి పట్టుకుని అద్దాల తలుపు వైపు నడిచింది. చక్రాల పెట్టెలు లాక్కెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. మెడ అంత నిటారుగా పెట్టి నడిచే మనిషికి దారి ఇవ్వకుండా ఉండలేం.

లోపల బల్ల దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి. చొక్కాకి తగిలించిన బిళ్ళ మీద అక్షయ అని ఉంది.

"ఆంటీ, ఇదేంటండీ?"

"చేట."

"ఒక్క బ్యాగే ఎలౌడ్ అండీ."

"సంచి తూయమ్మా, ఏడు కిలోలే. ఇది నెత్తిది."

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగింది. చేటను రెండు చేతులా అందుకుంది. అంచు మీద వేలు పెట్టి చూసింది. "ఎందుకండీ ఇది?"

"నా కూతురు పురుటికి."

"నన్ను కూడా ఇలాంటిదాంట్లోనే పడుకోబెట్టారంటండీ, మా అమ్మమ్మ వాళ్ళు," అంది అక్షయ. చేటను తిరిగి ఇచ్చేస్తూ, "అయినా కుదరదండీ," అంది.

గంగారత్నం మళ్ళీ తలుపు దాకా వెనక్కి నడిచింది. బాలశౌరి ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏం అత్తా, నెత్తికి కూడా టికెట్ తీసుకోమన్నారా?"

"ఇంట్లో పెట్టు," అంటూ చేట అతని చేతికిచ్చింది.

"మా అమ్మకిస్తాలే. బియ్యం చెరుక్కుంటది."

విమానం లేచాక ఆమె కిటికీలోంచి చూసింది. కింద చెరువులు. చేపల చెరువులు, వరి మడులు, కాలవలు. నీళ్ళు ఎక్కడపడితే అక్కడ వెలుగుతున్నాయి. ఇంత నీటి మధ్య తను నడిచిందా అనుకుంది. ఆ నీటిలోంచి వచ్చిన చేపలన్నీ ఒకప్పుడు తన తల మీదుగా వెళ్ళాయా? నెత్తి ఖాళీగా ఉంది. మెడకు ఏం చేయాలో తోచలేదు. సీటుకు ఆనించింది. ఆనలేదు.

చెన్నైలో విమానం మారాక అంతా సముద్రమే. భర్త వలేసిన సముద్రమే ఇది. ఇక్కడి నుంచి దానికి చప్పుడు లేదు, ఉప్పు లేదు. ఒడ్డు లేని చోట దాన్ని చూడటం ఆమెకిదే మొదటిసారి. ఒళ్ళోని సంచిని తడిమింది. రాయి లేదు, మూకుడు లేదు, చేట లేదు. అడుగున చీరలు మెత్తగా తగిలాయి. పుట్టిల్లని చెప్పుకోవడానికి ఇది చాలదనిపించింది. దుర్గకు మొహం ఎలా చూపించాలి?

పోర్ట్‌బ్లెయిర్‌లో సన్నగా వాన. అల్లుడు ఇంటికి తీసుకొచ్చేసరికి దుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. పొట్ట మీద చేయి.

"ఏం తేలేదే," అంది గంగారత్నం లోపలికి అడుగు పెట్టకుండానే. "చేట కూడా రానివ్వలా."

దుర్గ సంచి తీసుకుని గోడ పక్కన పెట్టింది. తెరవలేదు. తల్లి కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చోగానే వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంది.

"మాట్లాడమ్మా."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. బజారులో ఏం చేపలు దిగుతున్నయ్?"

"ఏం దిగుద్ది ఇప్పుడు. బొచ్చెలే. శీలావతి రావటంలా. వచ్చినా నీరసంగా వస్తంది. కొరమీను అడుగుతారు గానీ కొనరు. ఆ మేడ మీది ఆవిడ లేదూ, ఎప్పుడూ మొప్పలెత్తి చూసేది, ఆవిడిప్పుడు ఫోన్లో తెప్పించుకుంటందంట. నన్ను చూసి తలుపు చాటుకు పోద్ది. నేనే పలకరిస్తా. రొయ్య బాగుంది. చిన్నదే, తియ్యగా ఉంది. మొన్న ఒకాయన పండుగొప్ప చూసి..."

రేకుల మీద వాన కాస్త పెరిగింది. దుర్గ నోరు కొద్దిగా తెరుచుకుంది. ఊపిరి బరువెక్కి, ఒకే లయలోకి దిగింది.

గంగారత్నం మాట ఆపలేదు. గొంతు తగ్గించి పండుగొప్ప సంగతి చెబుతూనే ఉంది. తర్వాత మెత్తళ్ళ సంగతి. తర్వాత జెల్లల సంగతి.

గంగాప్రసాద్ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నోరు తెరవబోయాడు. ఆమె చెబుతూనే కళ్ళతో అతన్ని వెనక్కి పొమ్మంది.