అల్ వుకైర్‌లో ఒక బడి పంచాయితీ

దోహాలోని తెలుగువాళ్లు మూఢనమ్మకాల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. గురువారం సాయంత్రం సభ అయింది. చప్పట్లు కొట్టారు, సమోసాలు పెట్టారు. నమ్మకాలు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే భద్రంగా ఉన్నట్టు తోచింది. బయటికి వస్తుంటే ఖదీర్ అనే ఆయన ఎదురొచ్చాడు. నిజామాబాద్ మనిషి, ఒక కంపెనీలో బస్సు డ్రైవరు.

"సార్, ఈడ విన్నోళ్లంత చదువుకున్నోళ్లే. రేపు మా లేబర్ క్యాంపుకు రండి. అసలు పంచాయితీ ఆడున్నది."

"దేని మీద?"

"బడి మీద."

తిరుగు విమానం శనివారం మధ్యాహ్నం. వస్తానన్నాను.

శుక్రవారం మెట్రో మధ్యాహ్నం రెండింటికి గాని మొదలు కాదు. ఈ దారిన వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ముషైరిబ్ స్టేషను నా బసకు దగ్గరే. అయినా జూన్ ఎండకు ఆ కొంచెం నడకలోనే చొక్కా తడిసిపోయింది. టికెట్టు రెండు రియాళ్లు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా అయిదు నెలలుండగానే గోడల నిండా బంతాట బొమ్మలు. పక్కన కూర్చున్న జగిత్యాల మేస్త్రీ నవ్వాడు. "మా అవ్వకు ఇది గూడ దుబాయే సార్. దుబాయ్‌ల బంతాట ఆడుతరట గద బిడ్డా, నువ్వు గూడ ఆడుతున్నవా అని అడుగుతది."

అల్ వక్రాలో దిగేసరికి మూడయింది. ఖదీర్ నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచి అల్ వుకైర్ వైపు వెళ్లే చిన్న బస్సుకు టికెట్టు లేదు, చల్లగానూ ఉంటుంది. ఆ బస్సులోనే సంగతంతా చెప్పాడు.

అతని రూములో రాజేశ్వర్ అని, పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని చేస్తాడు. కూతురు శ్రావణికి అయిదో తరగతి అయిపోయింది. గురుకులంలో సీటొచ్చింది, మోడల్ స్కూల్లోనూ వచ్చింది. రెండూ ఒకే మండలంలోవి, రెండూ సర్కారువే. గురుకులమైతే హాస్టల్లో ఉండాలి, మోడల్ స్కూలుకు ఇంటి నుంచే ఆటోలో వెళ్లి రావచ్చు. రేపు పొద్దున గురుకులంలో చేరకపోతే ఆ సీటు ఇంకో పిల్లకు పోతుంది.

"వారం సంది రూముల గిదే లొల్లి సార్. తాగిన చాయ్ గూడ అరుగుతలేదు."

క్యాంపు రూములో ఒకదానిమీద ఒకటి మంచాలు, మధ్యన చాప. రాజేశ్వర్ లేచి నిలబడి దండం పెట్టాడు. అతని పక్కన లచ్చన్న, వయసులో పెద్ద. అతని కొడుకు ఆ మోడల్ స్కూల్లోనే చదువుతున్నాడు. ఖదీర్ కూతురు ఆ గురుకులంలోనే ఉంది. ఎవరి పిల్లలు చదివే బడి వాళ్లకు స్వర్గం.

"ఇంగ్లీషు చూడాలె మా పోరనిది! వాడు ఫోన్ల మాట్లాడితే నాకే సమజ్ కాదు" అన్నాడు లచ్చన్న.

"నీకు తెలుగు సమజ్ అయితదా భాయ్?" అన్నాడు ఖదీర్.

రాజేశ్వర్ మెల్లగా అసలు మాట బయటపెట్టాడు. "ఊర్ల అయ్యగారిని అడిగిచ్చిన సార్. పిల్లకు దక్షిణం దిక్కు అచ్చిరాదన్నడు. గురుకులం మా ఊరికి దక్షిణమే."

రాత్రి సభలో దాచుకున్న కోపమంతా నాకు ఇప్పుడొచ్చింది. "ఆ బళ్లో చేరే పిల్లలంతా ఉత్తరం నుంచే వస్తున్నారా? దక్షిణాన ఉన్న ఊళ్ల వాళ్లకు అదే బడి ఉత్తరం కాదా? దిక్కు బడిలో ఉంటుందా, నువ్వు నిలబడ్డ చోట ఉంటుందా? ఇక్కడి నుంచి చూస్తే నీకు రెండు బళ్లూ తూర్పే!"

రూమంతా నవ్వింది. రాజేశ్వర్ కూడా నవ్వాడు గాని, అతని ముఖం తేలిక పడలేదు. "దిక్కు వదిలేయుండ్రి సార్. పిల్ల పోతే దాని తల్లి ఇంట్ల ఒక్కతే అయితది. ఇప్పటికే నేను ఈడున్న."

మా హేతువాద సంఘంలో కుర్రవాళ్లకు వాదన నేర్పేటప్పుడు ఒక పద్ధతి పెట్టాం. ఎవరి పక్షాన్ని వాళ్లే ఖండించాలి. అదే ఇక్కడా పెట్టాను: మీ పిల్లలున్న బడిలో లోపమేదో మీరే చెప్పాలి. అప్పటికి మన దేశంలో ఆరున్నర. రాజేశ్వర్ ఇంటికి వీడియో కాల్ కలిపి ఫోను సీసాకు ఆనించి పెట్టాడు. తెర మీద భార్య లక్ష్మి, పక్కన జడలేసుకున్న శ్రావణి.

ఖదీర్ గొంతు సవరించుకున్నాడు. "మా పాప మొదటి నెల రోజూ ఏడ్సింది సార్. బాత్రూములు తక్కువ, పొద్దుగాల లైనుంటది. ఫోన్ ఆదివారం ఒక్కనాడే ఇస్తరు."

"ఇన్ని దినాలు చెప్పకపోతివి గద భాయ్!" అన్నాడు రాజేశ్వర్.

లచ్చన్న చాలాసేపు చాప గోకాడు. "మా బడిల లెక్కల సారు బదిలీ అయిపోయిండు. పోయినేడాది సంది ఎవ్వరు రాలే. ఆటల సారే చెప్తుండు."

"తప్పు లెక్క చేస్తె విజిల్ ఊదుతడా?" ఖదీర్ అందుకున్నాడు. ఈసారి లచ్చన్నే అందరికంటే గట్టిగా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఒకే సర్కారు ఒకే మండలంలో ఇన్ని రకాల బళ్లు పెట్టి, ఒకచోట మాస్టారిని, ఒకచోట స్నానాల గదిని ఎగ్గొట్టి, ఏది కావాలో తేల్చుకొమ్మని తండ్రిని అడగడం ఏం న్యాయం? రెండూ రెండుచోట్లా ఉంటే ఈ పంచాయితీయే లేదు. ఆ మాటే గట్టిగా అన్నాను.

"అది సరే తాతా," తెరలోంచి శ్రావణి అంది, "గురుకులంల లెక్కల టీచరున్నదా?"

"ఉన్నది బిడ్డా, మస్తు చెప్తది" అన్నాడు ఖదీర్.

"మరి అమ్మ?" అన్నాడు రాజేశ్వర్. "లక్ష్మీ, ఒక్కదానివి ఎట్లుంటవ్?"

లక్ష్మి అప్పటిదాకా తల ఎత్తలేదు. ఒళ్లో చాట, చేతుల్లో తునికాకు. బీడీలు చుడుతూనే వింటోంది.

"నన్నెవరన్న అడిగిన్రా? పిల్ల ఇంటికాడుంటే బడి నుంచి రాంగనే బీడీలకు దారం కడ్తది. వద్దన్నా ఇనది, నా చేతులు నొస్తయంటది. గందుకే పొమ్మంటున్న. తోల్కపోయి దించొస్త, నువ్వు ఊ అను."

రాజేశ్వర్ "ఊ" అన్నాడు. తర్వాత "పిల్లకు రేకు పెట్టె కొన్నవా?" అని అడిగాడు.

"మొన్ననే కొన్న" అంది లక్ష్మి.

ఖదీర్ చప్పట్లు కొట్టాడు. "యల్లా, లెవ్వు లచ్చన్నా, చాయ్ పెట్టు!"

ఏడున్నరకు మెట్రో ఎక్కాను. ఎదురుగా పనివాళ్లు ఎవరి ఫోనులో వాళ్లు ఇంటివాళ్లతో మాట్లాడుకుంటున్నారు. ఈ నగరంలో నాకు మిగిలేది స్టేడియాలు కాదు, వేల మైళ్ల అవతలి ఒక మండలంలో లెక్కల టీచరు ఉందా లేదా అని ఇక్కడ కొట్టుకునే ఈ మనుషులు.

మర్నాడు విమానాశ్రయంలో ఉండగా ఖదీర్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక లచ్చన్న నవ్వు వినపడుతోంది. "సార్, పిల్ల చేరింది. ఏడ్వలే. లక్ష్మేమో పిల్ల పెట్టె తాళంచెవి కొంగుకు కట్టుకొని ఇంటికి తెచ్చేసిందట. మరిచిపోయిన అంటుంది గని, రాజేశ్వర్ నమ్ముతలేడు. రేపు పొద్దుగాల మల్లా పోతదట, పిల్లను చూస్తందుకు."